గాటు

ఇరవై రెండేళ్లు కార్డులు కన్నాను,
బంగారు రంగువి, విమానం మైళ్లవి,
మొదటి ఏడాది రుసుము లేనివి.
అన్నీ గడువు తీరి కత్తెరపాలయ్యాయి.

ఒక్కదానికి మాత్రం
అంచున గోరంత గాటు అడిగాను,
చూపులేని వేలికి ఏ వైపు పెట్టాలో తెలియాలని.
"గాటుకి గిట్టుబాటెంత, నుర్జిహాన్?"
అంటూనే ఉన్నాడు ఎర్దెమ్, పదకొండు నెలలు.

ఈ ఉదయం ఇజ్మీర్ రేవులో
కర్షియాకా పడవ కూత పెడుతుంటే
నా ముందు వరసలో ఒక ముసలాయన
నువ్వుల రొట్టె కొన్నాడు.
బొటనవేలు అంచు వెంట నడిచింది,
ఆగింది,
కార్డు తిప్పింది.

బీప్.

వెనక నించున్న నేను
కోటు జేబులో చెయ్యి పెట్టి
కళ్లు మూసుకుని నా కార్డు తడుముకున్నాను.
గాటు లేదు.
పెద్ద ఖాతాల వాళ్లకిచ్చే లోహపు కార్డు.
దాని నునుపుకి సంతకం పెట్టిందీ నేనే.