ఊగింది నేను కాదు

వాల్పరాయిసోలో ఆ కొండ మీది ఇంటికి
నూట అరవై రెండు మెట్లు.
ఎదువిహిస్ ఓల్మెదో వాటిని లెక్కపెట్టడం మొదలుపెట్టింది
మొన్న ఏప్రిల్లో, తొంభై ఒకటో మెట్టు మీద
సంచీ చిరిగి కమలాపళ్ళు దొర్లిపోయాక.
పళ్ళ వెంట తను దొర్లలేదు. అంతే తేడా.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమంటారు.
ఎనభై దాటినవాళ్ళని అడిగి కట్టిన సామెత కాదది.

క్లినిక్‌లో యెర్కో అనే కుర్రాడు
ఆవిడ ఫోన్లో ఏదో ఎక్కించి,
"దీన్ని నడుముకి కట్టుకుని
రోజూ ఒంటికాలి మీద పది సెకన్లు నిలబడండి.
ఎంత తూలారో ఇదే చెప్తుంది" అన్నాడు.
"ముప్ఫై నాలుగేళ్ళు
కొండెక్కే తాడుబండి నడిపాను నాయనా,
ఒక్కరోజు కమ్మీ పట్టుకోలేదు."
"అయితే మీకిదెంత పని" అన్నాడు, గడుసువాడు.

పాత దిండుగలేబు కత్తిరించి
ఫోనుకి నడుంసంచీ కుట్టుకుంది.
పొద్దున్నే కెటిల్ కూసేలోపు
సింకు అంచుకి రెండు వేళ్ళు ఆనించి కుడికాలు,
వేళ్ళు తీసేసి ఎడమకాలు.
ఎడమది మొండిది. మొదటివారం నాలుగు సెకన్లు.
ఫోను పసుపుచుక్క చూపించింది.
గదిలో తివాచీ తీసేయమంది,
మంచం నుంచి బాత్రూం దాకా దీపం ఉందా అని అడిగింది.
"ఉందిలే" అంది పైకే, అబద్ధం.
మర్నాడు వెళ్ళి దీపం కొనుక్కొచ్చింది.

జూలైలో ఒక పొద్దున
ఎడమకాలి మీద ఏడు, ఎనిమిది, తొమ్మి...
కప్పులు గలగలమన్నాయి.
బల్బు ఊగింది.
కింద రేవులో కుక్కలన్నీ ఒక్కసారే ఎత్తుకున్నాయి.
ఆవిడ రెండోకాలు దించింది,
పాదాలు ఎడంగా, మోకాళ్ళు కాస్త వంచి,
తాడుబండి మలుపులో నిలబడ్డట్టే.
ఒక కప్పు కిందపడింది. ఆవిడ పడలేదు.
భూమి కాసేపు తన పని చూసుకుని
ఊరుకుంది.

నడుం దగ్గర సంచీ గుర్రుమంది.
తెర మీద ఎర్రచుక్క:
'ఈరోజు మీరు బాగా తూలారు. దయచేసి కూర్చోండి.'

కూర్చుంది. కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది.
తర్వాత ఫోను నోటి దగ్గర పెట్టుకుని
యెర్కోకి మాట పంపింది:
"ఊగింది నేను కాదు బాబూ, చిలీ.
దానికీ ఒక సంచీ కుట్టమంటావా?"

ముందు చెప్పులు వేసుకుంది, కప్పు పెంకులు ఊడ్చింది.
మళ్ళీ సింకు దగ్గరికొచ్చి నిలబడింది.
ఎడమకాలు
ఇంకా ఒక సెకను బాకీ.