ఐదో నంబరు

వల్పరైసో కొండమీద, వాలున పాకే రైలుపెట్టె దిగేచోట
ఎదువీహిస్ దుకాణం.
బల్ల మీద, టీ మరక రంగుకి తిరిగిన పాత మాకింటోష్.

"డ్రైవు లేదు" అంటుంది తెర.
ఉంది. చెవి ఆనిస్తే వినిపిస్తోంది,
పక్కగదిలో ఎవరో కుర్చీ జరుపుతున్నట్టు.
వేరే కంపెనీది, అంతే.
ఇంటిపేరు కలవకపోతే
ఈ యంత్రం గుమ్మంలోనే నిలబెట్టేస్తుంది.

లేబుల్ సగం చిరిగింది.
టార్చి పళ్ళ మధ్య కరిచి ఆమె పిన్నులు చూసింది.
మూడు జతలు: ఒకటి, రెండు, నాలుగు.
మొదటి రెంటి మీదా బియ్యపుగింజంత జంపర్లు.
కూడితే మూడు.
మూడు స్కానర్‌ది కదా!
ఒక ఒరలో రెండు కత్తులు.
పిలిస్తే రెండూ పలుకుతాయి, ఏదీ వినపడదు.

కనుబొమల పట్టకారుతో
రెండు మీది జంపరు తీసి నాలుగు మీద పెట్టింది.
ఐదు.
గొలుసు కొసన టెర్మినేటర్ బిగించింది;
అది లేకుంటే అన్న మాటే తిరిగొచ్చి చెవిలో పడుతుంది.

ఈసారి తెర గుర్తుపట్టింది.
గుర్తుపట్టగానే అడిగింది: "చెరిపెయ్యనా?"

నికనోర్ టోపీని పిండేస్తున్నాడు.
చెల్లెలిది ఆ డిస్కు. ఆమె పోయి పదకొండేళ్ళు.
ఎదువీహిస్ వద్దని నొక్కి
సొరుగంతా తిరగేసి ఇంకో ఫ్లాపీ తీసింది,
ఊరూ పేరూ అడగని డ్రైవర్ ఉన్నది.

కరకర. కరకర. బయట ఓ వీధికుక్క.
తెర మూలన చిన్న బొమ్మ,
దాని కింద చెల్లెలు పెట్టిన పేరు:
"ముట్టుకోవద్దు, నికో."

అతను
రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నాడు.