గీత గీసిన చోటు

పదకొండు నోటుబుక్కుల్లో ఒకే సున్నా.
ఏడో లెక్క.
ఐదులోంచి, బ్రాకెట్లో ఉన్న ఎక్స్ మైనస్ మూడు తీసేస్తే రెండు.
ఎక్స్ ఎంత?
ఆరు.
పదకొండు మంది మాత్రం సున్నా అన్నారు,
మక్కీకి మక్కీ.
ఒకడైతే పక్కవాడి కొట్టివేతను కూడా వదలకుండా దించాడు.

ఈ ఊళ్ళో తప్పు కూడా రోప్‌వే ఎక్కుతుంది.
నది మీదుగా, గనికేసి వేలాడుతూ వెళ్ళే ఇనప పెట్టెలో
ఎనిమిది నిమిషాలు.
నోటుబుక్కు ఒళ్ళోంచి ఒళ్ళోకి.
నేనూ అదే పెట్టెలో ఓ మూల నిలబడి
కిటికీ అద్దం మీది మాంగనీస్ మసిని
చూస్తున్నట్టు నటిస్తాను.

ముప్పై లెక్కలిచ్చింది నేనే.
ముప్పై ఇస్తే తల్లిదండ్రులకు తృప్తి.
"ఎథెరి మాస్ గట్టి మనిషి" అంటారు బజార్లో.
దిద్దడానికి నా ఆదివారం ఖర్చు,
ఒక ఎర్ర పెన్ను ఖర్చు,
రెండుసార్లు వెచ్చబెట్టినా చల్లారిపోయే టీ.

ఆ సున్నా ఎవరిదో వెతికాను.
పది పుస్తకాల్లో శుభ్రంగా ఉంది, కోడి గుడ్డు పెట్టినట్టు.
ఒక్కదాంట్లో మాత్రం
రబ్బరు రుద్ది రుద్ది కాగితానికి చిల్లు పడింది.
త్సియాలా.
నాలుగుసార్లు చెరిపి, ఐదోసారి తప్పు చేసిన పిల్ల.
పదకొండు మందిలో
సొంత తప్పు ఉన్నది ఆమెకొక్కతెకే.
అప్పటికే రెండు మార్కులు కోసేశాను.

సోమవారం బోర్డు మీద ఒక్క లెక్క రాశాను.
"అంతేనా?" అన్నాడు మిందియా, మోసపోయినవాడిలా.
అంతే. ఇరవై నిమిషాలు. గడియారం దగ్గర పెట్టుకోండి.
రాకపోతే ఆగిపోండి.
ఆగిన చోట అడ్డంగా గీత గీయండి.
గీత కింద ఒక్క వాక్యం,
ఎందుకాగారో.
జవాబుకి మార్కుల్లేవు.
వెనక బెంచీలో ఎవరో ఈల వేశారు.

మంగళవారం గీతలు వచ్చాయి.
"ఇక్కడ కరెంటు పోయింది" అని లమారా.
"ఇక్కడ నిద్ర వచ్చింది" అని ఓతియా,
నాలుగింటికే లేచి తండ్రితో రొట్టెల పొయ్యి రాజేసేవాడు.
కాగితం మూలన పిండి వేలిముద్ర.
"అన్నయ్యని అడిగాను, వాడికీ రాలేదు, నవ్వుకున్నాం."
ఒక పుస్తకంలో లెక్క చివరిదాకా నడిచింది,
గని ఇంజనీరు గుండ్రటి దస్తూరీలో.
దాని కింద గీత నేనే గీసి
"మరి మీవాడు ఎక్కడాగాడు?" అని రాసి పంపాను.

మిగిలినవి వంటింటి బల్ల మీద పరిచాను.
ఇరవై రెండు గీతలు,
దాదాపు అన్నీ ఒకే మెట్టు దగ్గర.
బ్రాకెట్ తలుపు తెరుచుకునే చోట,
గుమ్మం బయటి మైనస్
లోపలి మైనస్‌ని కలుసుకుని ప్లస్ అయ్యే చోట.
"మారుతుందని తెలుసు. ఎందుకో తెలీదు."
త్సియాలా వాక్యం, ఈసారి చిల్లు లేకుండా.

గుర్తొచ్చింది.
ఆ రోజు గంట కొట్టబోతోంది.
"ఇది మీకు తెలిసిందేగా" అంటూ
సుద్దముక్కతో ఆ మెట్టు దాటేశాను.
వాళ్ళు తలలూపారు.
తెలియనివాళ్ళు ఊపినంత గట్టిగా
ఎవరూ తల ఊపరు.

"హోంవర్కు తగ్గించారట" అన్నాడు హెడ్మాస్టర్.
పుస్తకాలు ముందు పెట్టాను.
గీతల్ని కొట్టివేతలనుకున్నాడు.
నేను సరిదిద్దలేదు, ఆకలిగా ఉంది, ఇంటికి పోయాను.

బుధవారం ఉదయం
పెట్టె నది మీద ఊగింది.
దించుకోవడానికి ఏమీ లేదు.
"నీది ఎక్కడాగింది?"
"రెండో లైను."
"పో, నాది మూడు."
ఓతియా సంచీలోంచి వేడి రొట్టె తీసి తుంచాడు.
ఒళ్ళోంచి ఒళ్ళోకి వస్తూ వస్తూ
ఒక ముక్క
నేను నిలబడ్డ మూలకీ వచ్చింది.