తిరగని తాళంచెవి

"సముద్రం లేని ఊర్ల
పడవనెవరు ఎత్కపోతరు మేడం?"
వాచ్‌మన్ సాయిలు నవ్వేవాడు.
నేను మాత్రం కారు నెత్తిమీది కయాక్‌కి
రెండు తాళాలు బిగించేదాన్ని.
బిగించడమే తెలుసు.
గండిపేట తడీ, రింగురోడ్డు దుమ్మూ
వాటి కడుపులో ఏం చేస్తున్నాయో
ఎన్నడూ చూడలేదు.

ఆ వానరాత్రి టోలిచౌకిలో
నడుములోతు నీళ్ళు.
ఎదురింటి కిటికీలో హలీమా బీ
మంచమెక్కి టార్చి ఊపుతోంది.
పడవ చేతికందే ఎత్తులోనే ఉంది.
తాళంచెవి తిరగదు.

సాయిలు రాయి తెచ్చాడు. నవ్వలేదు.
పదకొండు దెబ్బలు లెక్కపెట్టాను.
మధ్యలో టార్చి ఒకసారి ఆరి
మళ్ళీ వెలిగింది.

కొత్త తాళాలకి ట్రూప్ బజార్ వెళ్తే
కొట్లో ముసలాయన అన్నాడు:
"నూనె పొయ్యకు బిడ్డా, దుమ్ము పడతది.
పెన్సిలు ముక్కు గీకి
ఆ నల్లపొడి లోపలికి ఊదు."

ఇప్పుడు ఆదివారాలు నా వేళ్ళు నలుపు.
కమ్మీల బోల్టులు కదిపి చూస్తాను,
పట్టీ అంచుల్లో లేచిన పోగులు తడుముతాను,
తాళం వేస్తాను.

గేటు దగ్గర్నుంచి సాయిలు కేకేస్తాడు:
"ఏసుడు సరే మేడం,
తీసి చూసిన్రా?"