ఎనిమిదో నంబరు కౌంటరు

మకుర్దీలో జూన్ వాన రేకుల మీద అరుస్తోంది.
పింఛను ఆఫీసు వరండాలో
తెల్లారకముందే రాళ్ళొచ్చి కూచున్నాయి వరసగా,
ఒక్కో రాయీ ఒక్కో ముసలి ప్రాణానికి బదులు.

కొత్త గవర్నరు ప్రమాణం చేసి పదిహేను రోజులు.
తొలి సంతకం వీళ్ళ మీదే పడింది:
పింఛనుదారులు ఎవరికి వారే వచ్చి
బతికున్నట్టు రుజువు చూపాలి.
అందాకా చెల్లింపులు బందు.
ముప్పై ఒక్క నెలల బాకీ.
ఇరవై ఏడు పాతాయనవి, నాలుగు అంతకు ముందాయనవి.
మనుషులు పార్టీ మారతారు గానీ
బాకీ ఎక్కడిదక్కడే.

నేను ఇయోర్ఫాని, ఎనిమిదో కౌంటరు గుమస్తాని.
మార్చిలో ఇదే చేత్తో ఇలాంటి యంత్రమే పట్టుకుని
నది అవతలి ఒడ్డు బడిలో ఓటర్ల వేళ్ళు చూశాను.
ఆ రోజు యంత్రానికి ఎంత జాలో!
ఎవరి వేలు పెట్టినా పచ్చదీపం.
పోయినేడు నేనే మట్టి వేసొచ్చిన బస్సు డ్రైవరు పేరు ఎదురుగా కూడా
సాయంత్రానికి టిక్కు పడింది.
ఎవరు కొట్టారని నేనడగలేదు.
అడగలేదు. ఇంటికెళ్ళి దంచిన పెండలం తిని పడుకున్నాను.

పదకొండింటికి క్వాగ్దూ టీచరమ్మ వచ్చింది.
నలుపు తెలుపు చారల గుడ్డ భుజాన, తడిసి బరువెక్కి.
ఏడో ఎక్కం రాలేదని
నన్ను మామిడిచెట్టు కింద నిలబెట్టిన మనిషి.
వేలు పెట్టింది. ఎర్రదీపం.
గుడ్డతో తుడిచి పెట్టింది. ఎర్రదీపమే.
రెండో వేలు, మూడో వేలు, ఎడమ చెయ్యి.
సుద్దముక్కలు కొన్నాళ్ళు, రోకలి కొన్నాళ్ళు
ఆ గీతల్ని తినేశాయి.

"మార్చిలో పట్టిందిగా నాయనా, నువ్వే ఉన్నావు"
అంది మెల్లగా.
నాకు గొంతులో ఏదో అడ్డం పడింది.
"ఇది వేరే యంత్రం టీచర్" అన్నాను.
"వేలు అదేగా?"

వెనక వరసలో ఎవరో దగ్గారు, ఎవరో తిట్టారు.
రాళ్ళు ఒక అడుగు ముందుకు జరిగాయి.

ఆమె నా బల్ల మీది ప్రభుత్వ ఉత్తర్వు అందుకుంది.
కళ్ళజోడు ముక్కు చివరికి జారింది.
సంచీలోంచి ఎర్ర పెన్ను బయటికొచ్చింది,
రిటైరై పదకొండేళ్ళయినా ఆ పెన్ను రిటైరవలేదు.
'తక్షణం'లో ఒక అక్షరం ఎక్కువంది, కొట్టేసింది.
రెండో పేరాలో క్రియాపదం లేదంది, సున్నా చుట్టింది.
కింద గవర్నరు సంతకం పక్కన
పదికి నాలుగు వేసి
తేదీ, టైము, తన పేరు రాసి
నా వైపు తోసింది.

"ఇది ఫైల్లో పెట్టు.
చచ్చినవాళ్ళు ఓటేస్తారేమో గానీ
దిద్దరు."

గొడుగు విప్పుకుంటూ వెళ్ళిపోయింది.

పై అధికారి సాయంత్రం లెక్క అడిగాడు:
ఎనిమిదో కౌంటర్లో బతికున్నవాళ్ళు ఎంతమంది?
నలభై రెండన్నాను.
యంత్రం నలభై ఒకటంది.
ఆయన నా ముఖం చూశాడు, యంత్రం చూశాడు,
ఎర్రగీతల కాగితం చూశాడు.
'తక్షణం' దగ్గర ఒక్క క్షణం ఆగాడు.

బయట వాన తగ్గింది.
వరండాలో ఇంకా పదిహేడు రాళ్ళు.
వాటికి వేళ్ళు లేవు గనక
రేపటిదాకా అక్కడే ఉంటాయి.