నలభై ఎనిమిది పళ్ళు

అక్టోబరులో వెలిగింది దీపం,
ఏబీఎస్ అని మూడక్షరాలు, కామెర్ల కన్నులా.
చూడలేక టేపు ముక్క అంటించాను.
హీయుమా దీవిలో పియానోలు శ్రుతి చేసేవాణ్ణి,
చెవికి అందని తప్పును తప్పనుకోను.

తప్పు పాదానికి అందింది.
హెల్తెర్మా రేవులో, ఓడ కోసం వరసలో,
మనిషి నడిచేంత వేగంలో బ్రేకు నొక్కితే
పెడలు గడగడ వణికి నా కాలిని వెనక్కి తోసింది.
ముప్ఫై ఏళ్ళ వోల్వో తాపీగా వెళ్ళి
చేపల వ్యానును ముద్దు పెట్టుకుంది.
"తొందరెందుకయ్యా, ఓడే ఇంకా రాలేదు" అన్నాడు వ్యానువాడు,
సొట్టను బొటనవేలితో తడుముతూ.

ఎండెల్ షెడ్డులో కారు గాల్లోకి లేచింది.
టార్చి వేసి చూపించాడు:
ఇరుసు మీద నలభై ఎనిమిది పళ్ళ ఉంగరం,
రోడ్ల మీద చల్లే ఉప్పు తిని తిని, తుప్పు ఉబ్బి,
ఒకచోట వెంట్రుకవాసి చిట్లింది.
ఆ చీలిక ఎదురైనప్పుడల్లా
చక్రం బిగుసుకుపోయిందని సెన్సారు కంగారు పడుతుంది,
కంప్యూటరు నమ్మి బ్రేకు వదిలేస్తుంది.
నాన్నా పులి కథే. కాకపోతే
ఈ పిల్లాడు అబద్ధాలకోరు కాదు,
వీడికి నిజంగానే పులి కనిపిస్తోంది.

ఉంగరం పదకొండు యూరోలు.
అది వేయాలంటే ఇరుసు ఊడాలి,
ఇరుసు ఊడాలంటే నట్టు కదలాలి,
నట్టేమో బెల్లం కొట్టిన రాయి.
"టార్టు నుంచి సరుకొచ్చేదాకా ఇలా తిరుగు" అని
ఫ్యూజు పీకి నా చొక్కా జేబులో వేశాడు.
"మా నాన్న అలాగే నడిపాడు. నొక్కు, వదులు, నొక్కు."

ఆదివారం, బడి వెనక మంచు కట్టిన మైదానం.
గట్టిగా తొక్కాను. కారు మాట వినడం మానేసింది.
స్టీరింగు ఎటు తిప్పినా ముక్కుసూటిగా గోల్‌పోస్టు వైపే.
అప్పుడు విన్నాను:
దొర్లే చక్రం మంచును కరకరా నములుతుంది,
జారే చక్రం ఏమీ అనదు.
ఆ ఏమీ అనకపోవడం వినగానే కాలెత్తాలి,
కరకర మొదలవగానే నొక్కాలి.
ఇంతేనా! పియానో కింద ఈ కుడికాలు
నలభై ఏళ్ళుగా చేస్తున్న పని.
చీకటి పడేదాకా తిరిగాను.
ఎవరి పిల్లలో కంచె పట్టుకుని చూశారు,
ముసలాయనకి మతి పోయిందని ఒకడు
కణత దగ్గర వేలు తిప్పాడు.

మూడో వారం కొత్త ఉంగరం. నట్టు ఊడింది,
దాంతోపాటు ఎండెల్ బొటనవేలి గోరూ.
ఫ్యూజు తన గూట్లోకి. దీపం ఆరింది.
టేపు పీకితే బంక మరక మిగిలింది.

పాత ఉంగరాన్ని వేలికి తగిలించుకుని
శ్రుతి బిగించే కీతో కొట్టి చూశాను.
టప్.
ఎక్కడ కొట్టినా అదే.

రేవులో ఇప్పటికీ
బండి పూర్తిగా ఆగే ముందు
నా కాలు ఒక్కసారి దానంతటదే లేస్తుంది.
చేపల వ్యానువాడు అద్దంలో నన్ను చూసి
కాస్త ముందుకు జరుగుతాడు.