మార్జిన్‌లో అమ్మ

ఇంటి దగ్గర చదవమన్న కథ
సోమవారం తిరిగొచ్చింది.
శిరోమణి జిరాక్సు కాగితాల నిండా
వారాసిగూడ వంటింటి వాసన,
నాలుగో పేజీ మీద పసుపు వేలిముద్ర.

'థ్రెషోల్డ్' కింద పెన్సిల్ గీత.
పక్కన 'గడప' అని రాసి, కొట్టేసి
'కడప' అని దిద్దుకుంది.

చివర్లో ఏటవాలుగా:
"మేడమ్, గట్టిగ చదివి
అమ్మకు మన మాటల్ల చెప్పిన.
రొట్టె మాడంగ విన్నది.
ఒక్కటే అడిగింది:
అంత దూరం నడిచొచ్చిన ముసలామెకు
ఇంత బువ్వ పెట్టిన్రా, లేదా?"

ఇరవయ్యేళ్లుగా చెబుతున్నాను ఈ కథ.
శిల్పానికి పది మార్కులు,
ముగింపుకి ఐదు.

తార్నాక సిగ్నల్ దగ్గర బస్సాగితే
మొదటి పేజీ నుంచీ వెతికాను.

పెట్టలేదు.
కడప దగ్గరే నిలబెట్టారు.